అవ్వ కడిగిన ఇత్తడి స్టవ్వు

చింతపండు వాసన. దాని వెనకాల సన్నగా కిరసనాయిలు వాసన. రెండూ కలిసి వంటింట్లోంచి వచ్చేసరికి నోట్లో ఉన్న వక్కపలుకు నమలడం ఆపేశాను. మా ఇంట్లో కిరసనాయిలు చూసి ఎన్నేళ్లయిందో. లేచి గోడ పట్టుకుని వెళ్లి చూద్దును కదా, మనుమరాలు అటక మీది పాత స్టవ్వు దింపి, నేల మీద పేపరు పరిచి, దాన్ని పడుకోబెట్టి తోముతోంది. పాత ఇత్తడి సామాను తోమి హాల్లో పెడితే అందంగా ఉంటుందని ఫోనులో చూసిందట. చింతపండు, ఉప్పు, నిమ్మచెక్క. నల్లగా బొగ్గులా ఉన్నదాంట్లో చెయ్యంత మేర అప్పుడే పచ్చగా మెరుస్తోంది.

"నానమ్మా, ఇది నీ పెళ్లికి పెట్టిందా?" అంది.

"కాదే, మా అమ్మది" అన్నాను.

మా అమ్మదే అనాలి మరి. తెచ్చింది బాపు అయినా, కడిగింది అవ్వ అయినా.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతవరకే. అందుకని తోమడం అయ్యాక నేను చెబుతుంటే మనుమరాలు రాస్తోంది. నా గొంతు రంపం గీసినట్టు ఉంటుందని ఇంట్లో అందరూ నవ్వుతారు. చిన్నప్పటి నుంచి పొగ తాగిన గొంతు అది, బీడీ పొగ కాదు, పొయ్యి పొగ. మా ఆయన ఉన్నన్నాళ్లు ఈ స్టవ్వును అటక దింపనివ్వలేదు. ఇది కంటపడితే ఆ పూట నేను అన్నం సరిగ్గా తిననని ఆయనకు తెలుసు. ఆయనా పోయాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పుడు చెబుతాను.

మాది బోధన్. చక్కెర ఫ్యాక్టరీ కూత వింటూ లేచేవాళ్లం, కూత వింటూ తినేవాళ్లం. చలి మొదలయిందంటే ఊరంతా కాగిన చెరుకురసం వాసన. దాని కింద పులిసిన చెరుకు మడ్డి వాసన. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, మాకది లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. కోటగిరి దిక్కు నుంచి చెరుకు బండ్లు వరస కట్టి వచ్చేవి. తల ఎక్కడో తోక ఎక్కడో తెలిసేది కాదు. మేం పిల్లలం బండి వెనకాల నడుస్తూ, బండాయన తల అటు తిప్పగానే ఒక గడ లాగి పరుగు. ఒక బండాయన ఉండేవాడు, తెల్ల మీసాలు, ఎర్ర తలపాగా.

"ఏ పోరీ! దొంగ సచ్చినదానా! ఫ్యాక్టరోడు తూకం తక్కువొచ్చిందంటే నిన్ను తీస్కపోయి కాంటా మీద కూసోబెడత!" అని కొరడా ఊపేవాడు. కొరడా ఎప్పుడూ తగిలేది కాదు. బండి దిగి ఎప్పుడూ వెంటపడలేదు కూడా. ఆయన్ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

బాపు అంటే మా నాన్న, ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. చెరుకు ఆడినన్నాళ్లే పని, తర్వాత ఏ పని దొరికితే అది. అవ్వ అంటే బాపు తల్లి. అమ్మా అవ్వా కలిసి బీడీలు చుట్టేవాళ్లు. ఇల్లంటే ఒక్క గది. మూలకు మట్టి పొయ్యి, ఎదురుగా తలుపు, కిటికీ లేదు. చెరుకు కోసిన పొలాల్లో మిగిలిన మోళ్లు తవ్వుకొచ్చి ఎండబెట్టి వాటితోనే వంట. చెరుకు మోడు పొయ్యిలో పెడితే ముందు ఉస్సుమని నీరు కారుతుంది, తర్వాత పొగ లేస్తుంది, ఎప్పుడో దయ తలిస్తే మండుతుంది.

మా అమ్మకు దమ్ము, అంటే ఉబ్బసం, ఉండేది. ఊపిరి లోపలికి పోయేది కానీ బయటికి రావడానికి ఈల వేసేది. అమ్మ పడుకోగా నేను చూడలేదు. గోడకు వీపు ఆనించి, మోకాళ్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద తల పెట్టి కూర్చునే నిద్రపోయేది. పిల్లల తల్లులందరూ అలాగే నిద్రపోతారని అనుకునేదాన్ని. పక్కింటికి పోయినప్పుడు వాళ్లమ్మ కాళ్లు చాపి పడుకుని ఉంటే జబ్బు చేసిందనుకుని ఇంటికి ఉరికొచ్చి చెప్పాను. అమ్మ నవ్వింది. నవ్వితే మళ్లీ దగ్గు.

దవాఖానాలో డాక్టరు బాపుతో ఒకటే మాట అన్నాడట. "ఈమెను పొగకు దూరం పెట్టు. పెట్టకపోతే నేను ఇచ్చే గోలీలు ఎందుకూ పనికిరావు." బాపు ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, గది నాలుగు గోడలూ చూస్తూ నిలబడ్డాడు. దూరం అంటే ఎక్కడికి? అవ్వ వండినా అదే గదిలో పొగ. బయట వండుదామంటే గల్లీ ఎంతని, బండి వస్తే మనం గోడకు అతుక్కోవాలి. ఎండాకాలం ఎలాగో వండుకోవచ్చు. వాన వస్తే ఎలా?

ఆ సీజను అయిపోయే ముందు ఆఫీసరు బంగళాలో పాత సామాను బయట పారేస్తుంటే బాపు అడిగి తెచ్చుకున్నదే ఈ స్టవ్వు. గోనెసంచిలో చుట్టి సైకిలు వెనక కట్టుకొచ్చాడు. మూడు కాళ్లు, కింద గుండ్రటి కడుపు, పైన కిరీటం లాంటి బర్నరు, పక్కన గాలి కొట్టే పంపు. మసి పట్టి కాకిలా ఉంది. ఒక కాలు వంకర.

అవ్వ చూసి, "గిదేంది రా? కుంటి కోడిని తెచ్చినవా?" అంది.

"స్టవ్వే అవ్వా. పొగ రాదు. గ్యాసునూనె పోస్తే మండుతది." కిరసనాయిలును మా దిక్కు గ్యాసునూనె అంటారు.

"మండుతదా? దొరలే పారేసిన్రంటే మండక పారేసిన్రు గని, మండితే పారేస్తరా?"

అమ్మ దగ్గరకొచ్చి వేలితో మసి గీకింది. గీకినచోట పసుపు రంగు కనబడింది. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే పని.

తోమడమంటే ఇప్పుడు మనుమరాలు తోమినట్టు కాదు. ముందు గ్యాసునూనెలో గుడ్డ ముంచి జిడ్డు తీయాలి. తర్వాత ఇటుక దంచి, బట్టలో జల్లించి, ఆ పొడితో రుద్దాలి. చివరికి చింతపండు గుజ్జు. నా పని ఇటుక దంచడం. నేను దంచుతూ దంచుతూ ఆ ఎర్రపొడి బుగ్గలకు పూసుకుని, పెళ్లికూతురినని గల్లీలో తిరిగి తన్నులు తిన్నాను. స్టవ్వు కడుపు మీద ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. మసి పోయాక తేలాయి. అవ్వ కళ్లు చికిలించి చూసింది.

"ఏం రాసున్నది రా గాడ?"

"కంపిని పేరుంటది తియ్యి" అన్నాడు బాపు.

"నీకు సదువొస్తదా? దేవుని పేరేమో ఎవరికెరుక?" అని ఆ అక్షరాల మీద ఒక బొట్టు పెట్టింది.

తోమితే మెరిసింది కానీ మండలేదు. బాపు దాన్ని మసీదు గల్లీ మూలన ఉన్న చాచా దగ్గరికి తీసుకుపోయాడు, నేనూ వెంటపడ్డాను. చాచా పెళ్లిళ్లకు పెట్రోమాక్సు లైట్లు కిరాయికి ఇచ్చేవాడు. లాంతర్లు, స్టవ్వులు బాగుచేసేవాడు. తడికెలు కట్టిన దుకాణం, లోపల అంతా ఇత్తడి, ఆయన గడ్డం కూడా గోరింటాకు పెట్టి ఇత్తడి రంగే.

స్టవ్వును తిప్పి చూసి, "అరె భాయ్, మా అబ్బాజాన్ కాలంది గదా! ఏ గోరీ తవ్వి తీసినవ్?" అన్నాడు.

"మా ఇంటామెకు దమ్ము చాచా. పొగ పడదు."

చాచా నవ్వు ఆపేశాడు. "కూసో" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా మాకు ఆ దుకాణమే. పంపు లోపల తోలు వాషరు ఎండి పెంకులా అయితే కొత్త తోలు కోసి, పల్లీనూనెలో నానబెట్టాడు. బర్నరు నోట్లో సన్నని రంధ్రం పూడిపోతే పిన్నుతో పొడిచి పొడిచి తెరిచాడు. కడుపుకు ఎక్కడో చిల్లి ఉందని, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడబుడమని నీటి బుగ్గలు వచ్చినచోట గోరుతో గుర్తు పెట్టి, తుడిచి ఆరబెట్టి, నిప్పుల్లో కాల్చిన కడ్డీతో తగరం అతికాడు. కడ్డీ మొన శుభ్రం కావడానికి నవాసాగరం అనే ఉప్పు ముక్క మీద పెట్టగానే తెల్లటి పొగ లేచి ముక్కుల్లో సూదులు గుచ్చినట్టయ్యేది. నేను కావాలని దగ్గరకు పోయి పీల్చేదాన్ని. "ఏ బిడ్డా, దూరం జరుగు, నీకు గూడ దమ్మొస్తది" అని చాచా కసిరేవాడు.

చిల్లి వెతికిన రోజు అవ్వ కూడా వచ్చింది. తొట్టిలో ముంచడం కళ్లారా చూసింది. ఆ చూడటమే తర్వాత ఎంత పని చేసిందో చెబుతాను.

వానలు మొదలయ్యే వేళకు స్టవ్వు ఇంటికొచ్చింది. చాచా స్వయంగా వచ్చి ముట్టించాడు. బర్నరు కింది చిన్న గిన్నెలో కాస్త నూనె పోసి అగ్గిపుల్ల గీసి, వేడెక్కాక పంపు కొడితే, నీలం మంట. గుర్రుమని చప్పుడు.

"అవ్వల్లో! పులి లెక్క గురగురమంటుంది!" అని అవ్వ తలుపు దగ్గరికి పోయింది. గల్లీ ఆడవాళ్లు గుంపుగా వచ్చి చూశారు. పొగ లేదు. పొయ్యి మీద వంగి అమ్మ ఊపిరి పీల్చింది, పరీక్ష చేస్తున్నట్టు. మళ్లీ పీల్చింది. ఈల రాలేదు.

కొత్త పొయ్యి మీద ముందు పాలు పొంగించాలి కదా. అది ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. అవ్వ చెంబుతో పాలు తెచ్చి గిన్నె ఎక్కించింది. చాచా వద్దు వద్దు అంటూనే ఉన్నాడు. "అమ్మా, కాగితే దించు, పొంగనియ్యకు!" అంటాడు. అవ్వేమో, "పొంగకపోతే ఎట్ల సాయిబూ? ఇంట్లకు కొత్త పొయ్యొస్తే పాలు పొంగకుంట దించుతరా ఎవరన్న?" అని రెండు చేతులూ జోడించి నిలబడింది. పొంగాయి. తూర్పు దిక్కుకే పొంగాయని అందరూ సంతోషపడ్డారు. ఆ పాలు పోయి బర్నరులో పడ్డాయి. పులి గుర్రుమనడం ఆపి, పిల్లిలా తుమ్మి, ఆరిపోయింది. మాడిన పాల కంపు గల్లీ దాటింది.

చాచా నుదురు కొట్టుకున్నాడు. బాపు మొహం చూడాలి అప్పుడు, ఏడవలేక నవ్వలేక. అమ్మ మాత్రం నవ్వింది, చాలాసేపు నవ్వింది, దగ్గు రాలేదు. అది చూసి అందరం నవ్వాం. చాచా మళ్లీ బర్నరు విప్పి తీసుకుపోయి రెండో రోజు తెచ్చిచ్చాడు.

అలా పులి మా ఇంట్లో కాపురం పెట్టింది. ఆ వానాకాలం గురించి ఏం చెప్పను. పెంకుల మీద వాన పడుతుంటే, లోపల నీలం మంట, పొగ లేని గది. అమ్మ మొక్కజొన్న రవ్వతో మక్క గటక వండేది, దాంట్లో పచ్చిపులుసు పోసుకుని తాగేవాళ్లం. వంట చేస్తూ అమ్మ మాట్లాడేది. అంతకుముందు పొయ్యి దగ్గర మా అమ్మ మాట వినలేదు నేను, దగ్గే విన్నాను. ఆమెకు అన్ని కతలు తెలుసని అప్పుడే తెలిసింది. ఒకనాడు మధ్యాహ్నం గల్లీలో ఆడుకుని వస్తే అమ్మ చాప మీద పక్కకు ఒరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని ఉంది. దగ్గరకు పోయి ముక్కు కింద వేలు పెట్టాను. కళ్లు తెరవకుండానే, "ఏందే, సచ్చిన్ననుకున్నవా? పండుకున్న. జెర పండనియ్యి" అంది. పక్కనే నేనూ పడుకున్నాను. అమ్మ పక్కన పడుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ వానాకాలంలోనే.

కానీ శుక్రవారం వచ్చేది.

మా ఇళ్లల్లో శుక్రవారం పొద్దున్నే పొయ్యి కడిగి, పేడతో అలికి, ఎర్రమన్ను జాజు పూసి, ముగ్గు పెట్టాకే నిప్పు ముట్టించేది. పొయ్యి అంటే ఇంటి లక్ష్మి. ఇంట్లో పొయ్యి ఇప్పుడు ఇత్తడిది. మరి అవ్వ ఏం చేస్తుంది? మొదటి శుక్రవారమే దాని నెత్తిన చెంబెడు నీళ్లు పోసి, బూడిదతో తోమి, కాళ్లకు పేడ రాసి, కడుపు చుట్టూ జాజు పూసి, మూడు కాళ్ల మధ్య ముగ్గేసి, నమస్కారం పెట్టింది. అమ్మ వచ్చి పంపు కొడితే బర్నరులోంచి నీళ్లు చిమ్మాయి.

బాపు దాన్ని చంకలో పెట్టుకుని చాచా దగ్గరికి పోయాడు. చాచా విప్పి చూస్తే రంధ్రం నిండా బూడిద. మరుసటి వారం మళ్లీ అదే. అప్పుడు చాచానే మా ఇంటికొచ్చాడు. గుమ్మం బయట నిలబడి, "అమ్మా, నీ కాల్మొక్కుత. దానికి తానం బొయ్యకు. పొడి గుడ్డ తోటి తుడువు, చాలు" అన్నాడు.

"తానం చెయ్యని పొయ్యి మీద ఎట్ల వండుక తింటం సాయిబూ?"

"అది పొయ్యి గాదమ్మా, మిషను!"

"మిషనైతే దాని మీద అన్నం ఎందుకు ఒండుతున్నం? అన్నం ఉడికేది ఏదైన పొయ్యే. మరి నువ్వు నీ దుకాణంల దీన్ని తొట్టిల ముంచలే? నా కండ్లతోని చూసిన. నువ్వు ముంచితే మంచిది, నేను కడిగితే ఖరాబా?"

చాచా బాపు వైపు చూసి, "భాయ్, మీ అవ్వను వకీలు చదివియ్యాల్సింది" అన్నాడు.

బాపుకు మాత్రం నవ్వు రాలేదు. "అవ్వా, గిది ఖరాబైతే గామె బతకది. సమజైతలేదా నీకు?" అని అరిచాడు. బాపు అవ్వ మీద అరవడం నేనెప్పుడూ వినలేదు. అవ్వ మెల్లగా, "నేను కడిగేది గామె కోసమే గద రా. లచ్చిమిని మురికిగ పెడితే ఇంట్ల రోగం పోతదా?" అంది.

ఇద్దరిదీ ఒకటే భయం. ఒకరు కడిగితే బతుకుతుందని, ఒకరు కడగకపోతే బతుకుతుందని. మధ్యలో అమ్మ, చెంగుతో స్టవ్వు తుడుస్తూ, "అత్తమ్మా, కాళ్లు మూడు కడుగు. పై ఒంటికి గుడ్డ తడిపి పెడదాం" అంది. అలా రాజీ కుదిరింది. శుక్రవారం అవ్వ వేళ్ల కొసలతో పసుపునీళ్లు తీసుకుని మూడు కాళ్లకు చల్లేది. ఒక్కోసారి చెయ్యి ఊరుకోక చెంబు వంగేది. అప్పుడు చాచా దగ్గరికి ప్రయాణం.

దసరా దాటాక, బతుకమ్మ పూలు ఇంకా చెరువు ఒడ్డున కుళ్లుతుండగా, ఒక పొద్దున మంట నీలంగా కాక పచ్చగా, ఎర్రగా ఎగిరింది. గిన్నె అంతా మసి. చాచా చూసి, బర్నరు గొంతు చీలిందన్నాడు. అవ్వ అక్కడే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నీళ్ల తోనేనా సాయిబూ?" అని అడిగింది.

చాచా ఆమె మొహం చూశాడు. "లేదమ్మా. ముసల్దైంది. నా లెక్క, నీ లెక్క. నీళ్ల తోని గాదు" అన్నాడు. అది నిజమో, ఆమె మొహం చూసి అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

కొత్త బర్నరు వేస్తే సరిపోతుందనుకున్నాం. కానీ అది మరీ పాతకాలపు స్టవ్వు. దాని మర చుట్లు వేరు, ఇప్పటి బర్నర్ల చుట్లు వేరు. తిప్పితే రెండు చుట్లు ఎక్కి నిలిచిపోతుంది. తగరంతో అతికితే మంట వేడికి కరిగిపోతుంది. బాపు నిజామాబాదు పోయి ఇత్తడి వెల్డింగు చేయించుకొచ్చాడు. రెండు పూటలు మండింది, దాని పక్కనే మళ్లీ చీలింది. దారం చుట్టి, సబ్బు పూసి ఎలాగోలా కొత్తది బిగించమని బాపు బతిమాలాడు.

"చెయ్య భాయ్" అన్నాడు చాచా. "గాలి నిండినంక ఊడిందనుకో, బాంబే. ఇంట్ల ఆడివిల్ల ఉన్నది, ముసలామె ఉన్నది. నా చేతుల తోని గా పని చెయ్య."

"మరేం జెయ్యాలె చాచా?"

చాచా తన రెండు అరచేతులు తిప్పి చూపించాడు. వాటి నిండా మసి.

కొత్త స్టవ్వు కొనే తాహతు మాది కాదు. ఎవరిదో వత్తుల స్టవ్వు ఎరువు తెచ్చాం. దాని కమురు కట్టెల పొగ కంటే ఎక్కువ పట్టింది అమ్మకు. దానికీ నూనె దొరకలేదు. ఆ ఏడు రేషను దుకాణం ముందు డబ్బాలు వరసలో పెట్టి, పైన రాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. చివరికి దుకాణదారు చెయ్యి ఊపేవాడు. బాపు ప్రతి సెలవుకు నిజామాబాదు పోయి పాత ఇనుప సామాను కుప్పలు తిరగేసేవాడు, అలాంటిదే ఇంకో ముసలి స్టవ్వు దొరుకుతుందేమోనని. చేతులు కోసుకుపోయి వచ్చేవాడు. అవ్వ మూలన ఉన్న పాత మట్టి పొయ్యికి మట్టి మెత్తింది. చెరుకు మోళ్లు మళ్లీ ఇంట్లోకి వచ్చాయి. అమ్మ మళ్లీ గోడకు ఆనుకుంది.

నేను చేయగలిగింది ఏముంది? ఆవనూనె వేడి చేసి వీపు రుద్దేదాన్ని. బాపు లేనప్పుడు స్టవ్వు ముందు కూర్చుని పంపు కొట్టేదాన్ని. వట్టిదే, నూనె లేదు, బర్నరు పగిలింది. పంపు కొడితే గాలి ఉస్సుమని పోయేది. గోడ దగ్గర అమ్మ ఊపిరి కూడా అలాగే ఉస్సుమనేది. రెండూ ఒకటేనని, ఇది కొడుతుంటే అది ఆగదని అనుకునేదాన్ని.

చెరుకు ఆడటం మొదలయింది. ఒక పొద్దున చలికి పొగ పైకి లేవక గదిలోనే కమ్ముకుంది. అమ్మ పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. పనికి పోయిన బాపును ఎవరో పిలుచుకొచ్చారు. పక్కింటివాళ్ల ఎడ్లబండిలో అమ్మను కూర్చోబెట్టి, నన్ను వెనకాల ఆసరాగా పెట్టి, దవాఖానాకు బయలుదేరాం. మలుపు తిరిగేసరికి చెరుకు బండ్లు. ముందు చూస్తే బండ్లు, వెనక చూస్తే అప్పటికే బండ్లు. ఒక పక్క కాలువ, ఒక పక్క గుంత. ఫ్యాక్టరీ గేటు తెరిస్తే తప్ప ముందటి బండి కదలదు.

బాపు దిగి బండి బండికీ పరిగెత్తాడు. "అన్నా జెర పక్కకు తియ్యండ్రే! పానం పోతుందే!" వాళ్లు మాత్రం ఏం చేస్తారు. దిగి ఎడ్ల ముకుతాళ్లు పట్టి ఇటు లాగారు, అటు లాగారు. చెరుకు బరువుకు బండి వెనక్కి రాదు, పక్కకు పోతే కాలువలో పడుతుంది. నలుగురు కలిసి ఒక బండి చక్రం గుంత అంచు దాకా జరిపారు. దాని ముందు ఇంకోటి. మా ముందు బండి ఆయనదే, తెల్ల మీసాల ఆయనది. దిగొచ్చి మా బండిలోకి చూశాడు. అమ్మను చూశాడు, నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. ఏం చేయాలో తెలియక తన బండిలోంచి ఒక చెరుకు గడ లాగి నా చేతిలో పెట్టాడు.

"పట్టుకో బిడ్డా" అన్నాడు.

పట్టుకున్నాను. రెండో చెయ్యి అమ్మ వీపు మీద ఉంది. ఆ చెయ్యి కిందే ఈల ఆగిపోయింది. ఫ్యాక్టరీ కూత వేసింది. బండ్లు కదిలాయి.

ఇంటికి తెచ్చి చాప మీద పెట్టారు. కాళ్లు చాపి, వెల్లకిలా. అలా పడుకున్న అమ్మను చూసి, పోనీలే, పడుకుందిలే అనిపించింది నాకు. పిల్లబుద్ధి.

మైల తీరే రోజు ఇంట్లో వంట కుండలన్నీ బయట పెట్టారు. మట్టి పొయ్యిని తవ్వి తట్టలోకి ఎత్తారు. చావు జరిగిన ఇంట్లో పాత పొయ్యి ఉంచరు మా దగ్గర, పారేసి కొత్తది పెట్టాలి. మా మేనత్త, బాపు అక్క, చీపురు పట్టుకుని గది అంతా చూస్తూ స్టవ్వు దగ్గర ఆగింది.

"గిది గూడ పొయ్యే గదనే అవ్వా? నువ్వే శుక్రారం శుక్రారం కడిగి బొట్టు పెడితివి. తీయుండ్రి, కాలువల ఏసి రాండ్రి."

అందరూ అవ్వ వైపు చూశారు. బాపు, అన్ని నెలలు అది పొయ్యి కాదని కొట్లాడినవాడు, ఇప్పుడు వంగి దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు, పారేసి రావడానికే. దాని ముఖం చూడటం ఆయనకు కష్టంగా ఉండి ఉంటుంది. గుమ్మం దాకా పోయాడు.

"ఆగు రా" అంది అవ్వ.

లేచొచ్చి బాపు చేతుల్లోంచి స్టవ్వు తీసుకుంది. ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. చెంగుతో, పొడి చెంగుతో, దాని కడుపు తుడిచింది.

"గిది పొయ్యి గాదు. మిషను" అంది. "మిషనుకు మైల లేదు. ఉండనియ్యుండ్రి."

ఆ తర్వాత శుక్రవారాలు ఎన్నో వచ్చాయి. అవ్వ కొత్త మట్టి పొయ్యి కడిగేది, అలికేది, జాజు పూసేది. స్టవ్వు గూట్లో ఉండేది. వాన జల్లు గోడకు కొడితే మొదట దాని మీద గోనె కప్పి, తర్వాత బియ్యం డబ్బా జరిపేది. తను పోయేదాకా దానికి నీటి చుక్క తగలనివ్వలేదు. నా పెళ్లికి నాతో పంపమని బాపుకు ఆమే చెప్పిందట. ఇచ్చేటప్పుడు బాపు నా మొహం చూడలేదు. పంపు ఒకసారి కొట్టి చూసి, గాలి పోతోందని తల ఆడించి, చేతికిచ్చాడు.

ఇదంతా నేను చెబుతుంటే రాసీ రాసీ మనుమరాలి చెయ్యి ఆగింది. కళ్లు తుడుచుకుంది. చింతపండు వాళ్లమ్మ వంటకి దాచిందట, అంతా అయిపోగొట్టింది. స్టవ్వు మాత్రం కొత్త పెళ్లికూతురిలా ఉంది. ఆ అక్షరాలు చదివి చెప్పబోయింది, వద్దన్నాను. అవ్వ పెట్టిన బొట్టు అక్కడ ఉండనీ.

పులుపు పోవడానికి దాన్ని ఎత్తుకుని సింకు దగ్గరికి పోయింది. నల్లా తిప్పబోతే, ఎక్కడినుంచి వచ్చిందో, నా గొంతులోంచి కేక వచ్చింది, "నీళ్లు పొయ్యకు!"

పిల్ల ఉలిక్కిపడి నిలబడింది. స్టవ్వు పొత్తికడుపుకు ఆనించుకుని, నల్లా మీద ఒక చెయ్యి. నేను చెప్పేదాకా కదలదు. అవ్వ నీళ్ల కత దానికి ఇప్పుడు తెలుసు కదా.

స్టవ్వు వైపు చూశాను. పగిలిన బర్నరు, ఎండిన వాషరు. ఇంక చెడిపోవడానికి దాంట్లో ఏమీ లేదు. ఎవరి ఊపిరీ దాని మీద ఆధారపడి లేదు.

"కడుగు" అన్నాను. "మంచిగ నీళ్లు పోసి కడుగు. ఇయ్యాల శుక్రారమే."